ఆరని తోలు

నారాయణఖేడ్ డిపోలో మనూరు బస్సు దిగేసరికి మాణిక్యప్ప దగ్గర ఉన్నవి ఇవి: బస్సు మీద ఒక పాత పందిరిమంచం, చేతిలో కారుతున్న గొడుగు, మూడు గంటల వరకు ఒక గంటా యాభై నిమిషాలు. మంచాన్ని డిపో బయట తెలిసిన ఆటోవాడికి అప్పగించాడు. గొడుగు ఒక పుల్ల విరిగింది, దాన్ని నమ్ముకోలేడు. ఇక మిగిలింది ఆ గంటా యాభై నిమిషాలే.

డిపో దగ్గర టీ తాగకముందే నలుగురు నాలుగు రకాలుగా చెప్పిన సంగతిని ఆయన దారిలోనే తూర్పారబట్టి గింజ వరకు తెచ్చుకున్నాడు. తబలాలు, ఢోలకులు బాగుచేసే సత్తార్ పొద్దున ఏడుంబావుకు తన దుకాణంలో తల పగిలి పడి ఉన్నాడు. పక్కన జాజ్ సెట్టులోని పెద్ద డ్రమ్ము తోలు కాలి, పగిలిపోయి ఉంది. కొట్టినవాడు డప్పు మొగులయ్యే అని రిటైరైన పోలీసు జమేదార్ కిష్టప్ప తేల్చేశాడు. అతన్ని దుకాణం అరుగు స్తంభానికి కట్టించాడు. బోరంచ పోచమ్మ గుడి దగ్గర బందోబస్తుకు పోయిన ఎస్సై జీపు మూడింటికి తిరిగొస్తుంది. రాగానే మొగులయ్యను ఎక్కించి పంపుతాడు. సంగారెడ్డి కోర్టుదాకా పోయిన పేదవాణ్ని వెనక్కి తేవడమంటే బావిలో పడ్డ సూదిని వెతకడమే.

మాణిక్యప్ప వృత్తి పాత సామాను కొని అమ్మడం. కానీ ఖేడ్‌లో ఆయన్ని ‘గుర్తుపట్టేటోడు’ అనేవాళ్లే ఎక్కువ. పోయిన బిందె ఎవరింట్లో కొత్త కళాయి పూసుకుందో, ఏ దస్తావేజుకు టీ నీళ్లు పట్టించి పాతదాన్ని చేశారో చూపు వేసి చెప్పేవాడు. పోలీసులు వదిలేసిన మూడు కేసులు ఆ చూపుతోనే తేలాయి. ఆయన సూత్రం ఒక్కటే: వస్తువు అబద్ధమాడదు, దాన్ని చేతికిచ్చేవాడే ఆడతాడు.

ఈ జాజ్ సెట్టు కూడా ఆయన తెచ్చిందే. సికింద్రాబాదులో మూతబడ్డ ఒక క్లబ్బు సామాన్ల వేలంలో కుర్చీలతో పాటు వచ్చింది. పెద్ద డ్రమ్ము, రెండు చిన్నవి, ఒక తీగల డ్రమ్ము, మూడు ఇత్తడి తాళాలు. మూడు పొరల రంగు కింద మంచి కట్టె ఉందని గోటితో గీకి చూసి కొన్నాడు. నలభై రోజులుగా సత్తార్ దానితోనే కాపురం చేస్తున్నాడు.

నేరుగా దవాఖానకు నడిచాడు.

సత్తార్ ఊపిరి ఆడుతోంది, ఉలుకు లేదు. దెబ్బ ఒక్కటే పడిందని, వెనక నుంచి మొద్దు వస్తువుతో కొట్టారని, సాయంత్రంలోగా కళ్లు తెరిస్తే గండం గడిచినట్టేనని నర్సు గ్రేసమ్మ చెప్పింది. మంచానికి ఒకవైపు నేల మీద సత్తార్ భార్య జోహరాబీ కూర్చుని ఉంది. భర్త టోపీ ఒళ్లో పెట్టుకుని, దాని అంచును వేళ్లతో నొక్కుతోంది. రెండోవైపు స్టూలు మీద బ్యాండు సంగయ్య. పెళ్లిళ్ల రోజులకు ఆ జాజ్ సెట్టు తన బ్యాండుకే కావాలని అందరికంటే ముందు మాట తీసుకున్నవాడు. సత్తార్ మీద ఈగ వాలకుండా తువ్వాలతో విసురుతున్నాడు.

“పొద్దున పది గంటల సంది చెప్తున్న, ఇంటికి పోయి ఇంత తిని రమ్మని. ఇంటలేదు వదిన,” అన్నాడు సంగయ్య.

మాణిక్యప్ప జోహరాబీని వరండాలోకి పిలిచి బల్ల మీద కూర్చోబెట్టాడు. ఏడ్చే మనిషిని గంటలు, నిమిషాలు అడిగితే ఏడుపు కాస్త పక్కకు జరుగుతుందని ఆయనకు తెలుసు. అందుకే అవే అడిగాడు.

నిన్న నాలుగు గంటలకు మిషన్ హాస్టల్‌లో వంటచేసే ఎలీసబెతు దుకాణానికి వచ్చిందట. అప్పటికి సత్తార్ పెద్ద డ్రమ్ముకు మూడో పొర కూడా తీసేశాడు. అడుగున మెరుపుల ఎర్రరంగు బయటపడింది. ఎలీసబెతు దాని మీద చెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు. ఆమె భర్త యాకోబు పన్నెండేళ్ల కింద సంగయ్య బ్యాండులో ఇలాంటి డ్రమ్మే వాయించేవాడు. డెబ్బై అయిదు మార్చి పదో తారీకున తన జాజ్ సెట్టుతో సహా బొంబాయి బస్సు ఎక్కాడని, తానే దగ్గరుండి ఎక్కించానని అప్పుడు నౌకరీలో ఉన్న కిష్టప్ప జమేదార్ చెప్పాడు. ఆ తర్వాత ఒక్క ఉత్తరం రాలేదు. ఆమె మళ్లీ పెళ్లి చేసుకోలేదు, తాళి తియ్యలేదు.

ఆ సమయంలో దుకాణంలో టీ తాగుతున్నది ముగ్గురు: కిష్టప్ప, సంగయ్య, మొగులయ్య. ఎర్ర డ్రమ్ములు లోకంలో వెయ్యి ఉంటాయని కిష్టప్ప నవ్వాడట. సత్తార్ మాత్రం నవ్వలేదు. డ్రమ్ము లోపల కిరసనాయిలుతో తుడిస్తే ఏదో రాత తేలిందని, రేపు పొద్దున ఎలీసబెతుకు సంగతంతా చెబుతానని అందరి ముందూ అన్నాడు.

మాణిక్యప్ప కనుబొమలు కలిశాయి. ఆ రాత ఏమిటో ఆయనకు వెంటనే తట్టింది. హైదరాబాదులో పాతకాలపు ఢోలు పనివాళ్లు తోలు మార్చినప్పుడల్లా లోపలి కట్టె మీద మేకుతో గీస్తారు. తారీకు, పని, తెచ్చినవాడి పేరు, ఊరు. రేపు తోలు సరిగా పలకలేదని ఎవడైనా జగడానికి వస్తే చూపించడానికి. బయటివాళ్లకు ఈ ఆనవాయితీ తెలియదు. పేరడిగితే మామూలుగా చెప్పి పోతారు.

“రాత్రి ఇంట్ల ఏమన్న చెప్పిండా?”

“రాత మంచిది కాదన్నడు. ముందుగాల నీకే చెప్పాలన్నడు భాయ్. నువ్వు మనూరు పోయినవంటె అన్నం గూడ సక్కగ తినలే.”

అది మాణిక్యప్ప ఖాతాలో పడవలసిన తప్పు. ఒక్కరోజు మంచం కోసం ఆలస్యం చేశాడు. దాన్ని మనసులో రాసుకుని ముందుకు జరిగాడు.

“కాయిదం ఏమన్న ఇచ్చిండా నీకు?”

“ఏ కాయిదం లేదు.”

సత్తార్ నిన్న పొద్దుగూకే వేళ డ్రమ్ము ముందువైపు తోలు ఎక్కించాడట. నానిన తోలు ఆగదు, అదే పూట ఎక్కించాల్సిందే. అంచులు మడవడానికి ఇంట్లోంచి తన చెంచానే తీసుకుపోయాడని, ఆ పసుపు వాసన ఇంకా పోలేదని జోహరాబీ చెబుతుంటే మాణిక్యప్ప ఆపాడు. పసుపు ఎందుకు అని అడిగాడు. పురుగు పట్టకుండా సత్తార్ తోళ్లను ఎప్పుడూ పసుపు నీళ్లలోనే నానేస్తాడు. ఈ సారి పెద్ద తోలు, అర్ధశేరు పసుపు పట్టింది.

“దుకాణం దాక రా వదినా. సామాను నీకంటే ఎక్కువ తెల్సినోళ్లు లేరు.”

ఆమె తటపటాయించింది. లోపలి నుంచి సంగయ్య పలికాడు. “పో వదినా, నేను ఈడనే కూసుంట. సత్తార్ భాయ్‌ని ఇడిశి యాడికి పోను.”

గ్రేసమ్మ ఆడవాళ్ల వార్డుకు పోతూ సరేనని తలూపింది. జోహరాబీ టోపీ చేతిలో పట్టుకునే ఆయన వెంట నడిచింది. గోడ గడియారంలో ఒకటిన్నర దాటింది.

సత్తార్ దుకాణం ముందు చూరు కింద పది పన్నెండు మంది నిలబడి ఉన్నారు. పక్కనే టీ కొట్టు హన్మయ్యది. పొద్దున సత్తార్‌ను మొదట చూసి, ఎత్తి దవాఖానకు మోసినవాడు అతనే. స్తంభానికి మొగులయ్య. చేతులు వెనక్కి కట్టి ఉన్నాయి, డప్పు కాళ్ల దగ్గర పడి ఉంది. గడప మీద కుర్చీ వేసుకుని కిష్టప్ప. రిటైరై నాలుగేళ్లయినా తెల్లచొక్కా చేతులు మణికట్టుదాకా దించి గుండీ పెట్టుకునే అలవాటు పోలేదు. దవడలో పాన్.

“రా మాణిక్యప్పా,” అన్నాడు. “లోపల పలిగిన డ్రమ్ము ఉన్నది. తూకానికి ఇయ్యమంటవా?”

“ఇయ్యి జమేదార్. ముందుగాల నాణ్యం చూస్త.”

“చూడనీకి ఏమున్నది? కేసు అయిపోయింది.”

అయిపోయిన కేసును కిష్టప్ప గుంపుకు వినబడేలా మళ్లీ చెప్పాడు. మొగులయ్య ఆరు గంటలకు తన డప్పు తీసుకోవడానికి వచ్చాడు. ఆరున్నరకు పోయాడు. హన్మయ్య ఆ రెండూ చూశాడు. ఏడుంబావుకు టీ తెచ్చిన హన్మయ్యకు సత్తార్ నేల మీద కనబడ్డాడు. డ్రమ్ము పక్కన జొన్న చొప్ప బూడిద. డప్పు కొట్టేవాడి చేతికి ఏ తోలు దొరికినా నిప్పు చూపించే గుణం ఉంటుంది, ఈ పెద్ద డ్రమ్మును కూడా డప్పే అనుకుని కాచాడు, అది పగిలింది, సత్తార్ తిట్టాడు, వీడు మొద్దుతో కొట్టాడు. ఇంతే.

చెప్పడం బాగుంది. గుంపులో తలలు ఊగాయి. మాణిక్యప్ప కూడా ఊపాడు. బేరంలో మొదటి ధరకు ఎప్పుడూ తల ఊపాలి.

తర్వాత మొగులయ్య ముందు గొంతుకూర్చున్నాడు.

“పొద్దున డప్పు కాచినవా?”

“కాచిన.”

“ఏడ?”

“గీ చూరు కిందనే. ముసురుకు డప్పు సప్పుడు దిగిపోయింది. రెండు పిడికిళ్ల చొప్ప అంటువెట్టి కాచుకున్న. సత్తార్ భాయ్ గూడ చూసి నవ్విండు.”

“లోపలి పెద్ద డ్రమ్ము ముట్టినవా?”

“ఒక్క ఏలుతోని ముట్టిన. పచ్చి తోలు. సప్పుడే లేదు. పచ్చి తోలును నిప్పు కాడికి తీస్కపోతే మా అయ్య నా చెయ్యి ఇరగ్గొడ్తుండె, సావుకారీ. ఎండిన తోలుకే నిప్పు. పచ్చిదానికి నిప్పు పెట్టెటోడు డప్పోడు కాదు.”

“మంచి కత చెప్తుండు,” అన్నాడు కిష్టప్ప.

“కతనే,” అన్నాడు మాణిక్యప్ప లేస్తూ. “కొనేముందు ఇంట.”

దుకాణం లోపల పది అడుగుల చోటు. ఆయన గడపలో నిలబడి ముందు నేల చూశాడు. చూరు కింద మొగులయ్య చెప్పిన చోట నేల మీద పళ్లెమంత నల్లటి మచ్చ ఉంది. కాలిన మచ్చ ఉంది కానీ బూడిద లేదు. వాన అక్కడ పడదు, గాలి లేదు. బూడిదంతా లోపల, డ్రమ్ము చుట్టూ ఉంది. తలుపు మూల రేకు చేట ఒకటి నిలబెట్టి ఉంది. దాని అంచుకు బూడిద, ఒక సగం కాలిన చొప్ప ముక్క. నిప్పుల్ని బయటి నుంచి లోపలికి మోసింది ఆ చేట.

పెద్ద డ్రమ్ము పక్కకు ఒరిగి ఉంది. పైన తాళాలు వరసగా వేలాడుతున్నాయి, వాటి కింద చింతపండు నానేసిన మూకుడు, రుద్దడానికి గుడ్డ. మూలన తొట్టిలో చిక్కటి పసుపు నీళ్లు. డ్రమ్ము చుట్టూ బిగించిన మరలు పది. వాటిని తిప్పే తాళం చెవి తన మేకుకు తాను వేలాడుతోంది. మాణిక్యప్ప పదీ లెక్కపెట్టాడు. ఒక్కటి కూడా కదల్లేదు.

తోలు కట్టె కడియానికి మడిచిన చోట బొటనవేలితో నొక్కాడు. పసుపు నీరు చెమర్చింది. ఇప్పటికీ తడే. పొద్దున ఏడుకు ఇంకెంత తడిగా ఉండి ఉంటుందో!

పగులు జానెడున్నర పొడవు. పై అంచు నిప్పుకు ముడుచుకుని అప్పడంలా వంకరపోయింది. కింది అంచు మాత్రం గీత గీసినట్టు ఉంది. నిప్పుకు పగిలిన తోలుకు అలాంటి అంచు రాదు. అది కత్తి అంచు. ఆ కోతను దాచడానికే పైన నిప్పు పెట్టారు. తడి తోలు సగమే దాచింది.

టార్చి తెప్పించుకుని కోతలోంచి లోపలికి చూశాడు. లోపలి కట్టె మీద అరచేయంత మేర తెల్లగా గీకేసి ఉంది. గీకిన కట్టె పొట్టు కింద రాలింది. ఆ పొట్టు మీద బూడిద పడింది కానీ బూడిద మీద పొట్టు లేదు. అంటే ముందు కోత, తర్వాత గీకుడు, చివర నిప్పు.

రాత పోయింది. ఆయన గడియారం చూసుకున్నాడు. రెండుంబావు. ఇప్పటికి చేతిలో ఉన్నదంతా మొగులయ్య చెయ్యలేదని చెప్పేదే. చేసినవాడెవరో చెప్పేది ఒక్కటీ లేదు. సగం సరుకుతో దుకాణం తెరిస్తే కిష్టప్ప లాంటివాడు తూకం రాయి మార్చేస్తాడు.

అయినా తెరిచాడు. గడపలోకి వచ్చి చూసిందంతా ఒక్కొక్కటిగా చెప్పాడు. నలభై రోజులుగా సత్తార్ పని చూస్తున్న మొగులయ్యకు తాళం చెవి ఎక్కడుందో తెలుసు, వాడికి తోలు కొయ్యాల్సిన పని లేదన్నాడు. కోసినవాడు తోలు పని తెలియనివాడు, తొందరలో ఉన్నవాడు, లోపలి రాతకు భయపడ్డవాడు అన్నాడు.

కిష్టప్ప చప్పట్లు కొట్టాడు, మెల్లగా, మూడుసార్లు.

“పాత కుర్సీలు అమ్ముకునేటోడు పంచనామ చేస్తుండు. ముప్పై ఏండ్ల నౌకరీ నాది. నీ చేటా, నీ పొట్టూ ఎస్సై ముంగట చెప్పుకో. నేను గీ డ్రమ్మును ముట్టనన్న ముట్టలే, గడప దాటలే. సాక్ష్యం చెడగొట్టొద్దని గీడనే కూసున్న. నువ్వేమో ఏలు పెట్టి నొక్కుతున్నవ్.”

చెయ్యి ముందుకు చాపి మాణిక్యప్ప వేలు చూపించాడు. ఆ చాపిన చేతి దగ్గరే మాణిక్యప్ప చూపు ఆగింది.

చొక్కా కుడి చెయ్యి మోచేతిదాకా తడిగా ఉంది. వానరోజు అందరూ తడిసే ఉన్నారు, కానీ కిష్టప్ప ఎడమ చెయ్యి పొడిగా ఉంది. మోచేతికి నాలుగు వేళ్ల కింద ఎర్రటి మరక.

“అంగికి ఏమంటింది జమేదార్?”

“పాన్. కండ్లు కనవడ్తలెవ్వా?”

“ఉమ్మినప్పుడు పడ్డదా?”

“ఉమ్మినప్పుడు పడ్డది. గిదేంది, నా అంగి గూడ కొంటవా?”

గుంపు నవ్వింది. మాణిక్యప్ప కూడా నవ్వాడు. నవ్వుతూనే లోపలికి పోయి చింతపండు మూకుడులోని గుడ్డ తెచ్చాడు. పాత సామాను మనిషికి మరక కనబడితే చెయ్యి ఊరుకోదని, పాన్ మరకకు చింతపండే మందని చెబుతూ కిష్టప్ప మణికట్టు పట్టుకుని, అతను లాక్కునేలోగా మరక మీద అద్దాడు.

ఎరుపు పోయింది. దాని చోట పసుపు పచ్చన తేలింది.

జోహరాబీ గుంపులోంచి ముందుకు వచ్చింది. చొక్కా చెయ్యిని దగ్గరగా చూసింది.

“పసుపు,” అంది. “పసుపు మరకను సోడా సబ్బు పెట్టి ఉతికితె ఎర్రగైతది. పులుసు తగిలితె మల్ల పచ్చగైతది. గిది ఆడోళ్లందరికి ఎర్కే. నా చీరెకు రోజు గిదే కత.”

“పొద్దున పప్పు తిన్న,” అన్నాడు కిష్టప్ప. గొంతులో తొణుకు లేదు. “పప్పు పడ్డది.”

“ఇప్పుడే పాన్ అంటివి,” అన్నాడు మాణిక్యప్ప.

“పాన్ పడ్డది, పప్పు పడ్డది. గిదొక కేసా?”

మాణిక్యప్ప ఆ చేతిని వదల్లేదు. గుడ్డను మరక చుట్టూ తిప్పాడు. పసుపు చుట్టూ తిరిగింది. మోచేతి కింద, వెనక, లోపలివైపు, మళ్లీ ముందుకు. తెగకుండా ఒక వలయం. “పప్పు పడితే బొట్టు పడ్తది జమేదార్. నీకు గాజు తొడిగినట్టు పడ్డది. ఇరుకు సందులకెల్లి చెయ్యి లోపటికి పోతెనే గిట్ల పడ్తది. జానెడున్నర సందు. అంచుకు పచ్చి పసుపు. గడప దాటలేనంటివి గద?”

కిష్టప్ప చెయ్యి లాక్కుని లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. హన్మయ్య, ఇంకో ఇద్దరు అప్పటికే మెట్ల దగ్గర అడ్డం నిలబడ్డారు. పొద్దున తాను మోసుకుపోయిన నెత్తురు హన్మయ్య బనియను మీద ఇంకా అలాగే ఉంది. కిష్టప్ప అతని ముఖం చూసి, కుర్చీని తానే ఎత్తి పెట్టుకుని మళ్లీ కూర్చున్నాడు.

“అంగి మరక చూసి ఎవ్వడు శిక్ష ఎయ్యడు,” అన్నాడు. “లోపల ఏం రాసి ఉన్నదో చెప్పు. చెప్పలేవు. లేదు గద.”

అతను చెప్పింది నిజం. మాణిక్యప్ప మొగులయ్య కట్లు విప్పసాగాడు. ముడి బిగిసిపోయింది. వేళ్లు ముడి మీద, మనసు సత్తార్ మీద. నలభై రోజుల కింద డ్రమ్ములు అప్పగిస్తూ తాను చెప్పిన మాట గుర్తొచ్చింది. లోపల అక్షరం కనబడితే గీకొద్దు, కాగితం పెట్టి బొగ్గు రుద్ది అచ్చు తియ్యి, పాత సామానుకు విలువంతా అక్కడే. సత్తార్ చెప్పిన పని మరిచేవాడు కాదు. తోలు ఎక్కించేముందు అచ్చు తీసే ఉంటాడు. భార్యకివ్వలేదు, దుకాణంలో పెట్టడు. మరి ఎక్కడ? ముడి వీడింది, జవాబూ తట్టింది.

బస్సు టికెట్టయినా, చీటీ అయినా సత్తార్ దాచేది ఒక్కచోటే.

“వదినా, ఆ టోపీ ఇటియ్యి.”

జోహరాబీ పొద్దున్నుంచీ చేతిలో నలుపుతున్న టోపీ. అంచు మడత విప్పితే నాలుగు మడతల పలచటి కాగితం జారింది. ఒక మూల నెత్తురు అంటింది. మిగతాదంతా బొగ్గు నలుపు, ఆ నలుపులో తెల్లగా ఉర్దూ అక్షరాలు.

గుంపులో పడుచువాళ్లు మెడలు చాచారు కానీ ఒక్కరికీ రాదు. మాణిక్యప్ప నిజాం కాలపు బడిలో నాలుగు తరగతులు ఉర్దూలోనే చదివాడు. కిష్టప్ప కూడా అదే బడి. అతని దవడ ఆడటం ఆగిపోయింది.

మాణిక్యప్ప గుంపుకు వినబడేలా ఒక్కో ముక్కా తెలుగు చేసి చదివాడు. “మార్చి ఇరవై, డెబ్బై అయిదు. పెద్ద ఢోలు. ముందు తోలు మార్చిన. కత్తి పోటు, నెత్తుటి మరక. తెచ్చినోళ్లు ఇద్దరు. నారాయణఖేడ్. కిష్టప్ప...”

పదో తారీకున యాకోబుతో పాటు బొంబాయి బస్సు ఎక్కిందని చెప్పిన డ్రమ్మును ఇరవయ్యో తారీకున కిష్టప్ప హైదరాబాదులో బాగుచేయించాడు. గుంపులో ఎవరో ఎలీసబెతు పేరు గొణిగారు. మాణిక్యప్ప నోరు మాత్రం తర్వాతి పేరు దగ్గర ఆగిపోయింది. బొగ్గు అక్కడ పలచబడింది. వెలుగుకు పట్టి మళ్లీ చూశాడు.

రెండో పేరు సంగయ్య.

పది గంటల నుంచి కదలనివాడు, జోహరాబీని ఇంటికి పొమ్మని పొమ్మని చెప్పినవాడు. ఆమెను అక్కణ్నుంచి లేపి తెచ్చింది ఎవరో కాదు, తానే.

కిష్టప్ప ఆయన ముఖంలోకి చూసి మొదటిసారి చిన్నగా నవ్వాడు. “జల్దీ పో,” అన్నాడు.

దవాఖాన ఎంత పరిగెత్తినా ఆరేడు నిమిషాలు. మాణిక్యప్ప వయసుకు పది. మొగులయ్యకు ఒక్క మాట చెప్పాడు, అంతే. మొగులయ్య తిమ్మిరెక్కిన చేతులతోనే డప్పు ఎత్తుకుని వానలోకి దూకాడు. కాచడానికి వ్యవధి లేదు. ముసురుకు దిగిన డప్పు బొదబొదమంటూ పలికింది. అయినా అది చాటింపు దెబ్బ. చావుకో, నిప్పుకో, దొంగకో తప్ప పగటిపూట ఆ దెబ్బ ఎవరూ వెయ్యరు. బజారులో ఒక్కొక్క తలుపూ తెరుచుకుంది. “దవాఖానకు,” అని మొగులయ్య అరుస్తూ పోతున్నాడు. దుకాణాలు వదిలి జనం అతని వెనక పడ్డారు.

మాణిక్యప్ప ఆయాసంతో వార్డు గడప చేరేసరికి మంచం చుట్టూ ముప్పై మంది ఉన్నారు. స్టూలు బోర్లా పడి ఉంది. తలగడ నేల మీద ఉంది. కిటికీ రెక్కలు బార్లా తెరిచి, వాన లోపలికి కొడుతోంది. గ్రేసమ్మ సత్తార్ నాడి పట్టుకుని, అందర్నీ వెనక్కి జరగమని చేత్తో తోస్తోంది. అప్పటిదాకా తాను ఈ వార్డులోకి వస్తూ పోతూనే ఉందట; డప్పు చప్పుడు వినబడి ఈసారి వచ్చేసరికి సంగయ్య తలగడ రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నాడట. ఏంది అది అని అడిగితే తల కింద సర్దుతున్నానన్నాడట. చప్పుడు గేటు దగ్గరికి వచ్చేసరికి కిటికీ దూకాడు.

జోహరాబీ భర్త పాదాలు పట్టుకుంది. సత్తార్ కనురెప్పలు కదిలాయి. అంతమంది తలల మధ్య ఎలా పోల్చుకున్నాడో, మాణిక్యప్ప వైపే చూశాడు.

“తోలు ఆరిందా?” అన్నాడు.

“ఇంక లేదు సత్తార్ భాయ్. తడే ఉన్నది. అందుకే బతికినం.”

సత్తార్ అర్థమైనట్టు కళ్లు మూసుకున్నాడు. ఈసారి అది నిద్ర.

బయట జీపు హారను మోగింది. మూడయింది. మాణిక్యప్ప స్టూలు నిలబెట్టి, దాని మీద కూర్చుని, అలవాటు చొప్పున లెక్క చూసుకున్నాడు. జీపు ఎక్కవలసిన మొగులయ్య గడపలో నిలబడి డప్పు తడి తుడుచుకుంటున్నాడు. ఎక్కించవలసిన కిష్టప్ప హన్మయ్య కాపలాలో ఉన్నాడు. సత్తార్ ఊపిరి దక్కింది. జేబులో ఒక బొగ్గు కాగితం, అందులో పన్నెండేళ్లుగా ఎలీసబెతు అడుగుతున్న దానికి సగం జవాబు. తాళి మీద చెయ్యి వేసుకుని ఆమె వార్డు వైపు నడిచి వస్తోంది. చాటింపు ఆమె కూడా విన్నది.

మిగతా సగం, యాకోబును ఎక్కడ పూడ్చారన్నది, కిష్టప్ప చెప్పడు; సంగయ్యతో పాటు అది ఖేడ్ చుట్టూ ఉన్న జొన్న చేలల్లోకి పరుగెత్తి పోయింది. ఆ కాగితం ఎవరి జేబులో ఉందో చీకటి పడేలోగా సంగయ్యకూ తెలుస్తుంది.